బోరు సెన్సర్ల లెక్కకు బ్లాక్‌చెయిన్ కావాలా, సంతకం చాలదా?

బత్తాయితోట (చర్చ ప్రారంభం)

మునుగోడు వైపు మా ఊరి బత్తాయి రైతులం ఇరవై ఇద్దరం కలిసి మూడేళ్ల కిందట ఒక కట్టుబాటు చేసుకున్నాము. వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల ఉచిత కరెంటు 2018 జనవరి 1 నుంచి వచ్చిన తరువాత, మోటారును ఎప్పుడు ఆపాలన్నది ఎవరి మనస్సాక్షికి వారిదే అయిపోయింది. ఎండాకాలంలో ఒకరి బోరు రాత్రింబవళ్లు నడిస్తే పక్కవారి బోరు ఆగి ఆగి పోస్తుంది. అందుకని ఏ బోరు రోజుకు ఎన్ని గంటలు నడవాలో కాగితం మీద రాసుకుని, ప్రతి బోరులోనూ నీటి మట్టం కొలిచే సెన్సరు దించి, డెలివరీ పైపుకు నీటి మీటరు బిగించాము. పరికరాలు చిన్నవే. ఒక్కో పెట్టెలో ఏటీమెగా328పీ చిప్పు, తక్కువ కరెంటుతో చాలా దూరం పంపే లోరా రేడియో, లిథియం బ్యాటరీ ఉంటాయి. అరగంటకొకసారి రీడింగు పంపితే, వాటర్ ట్యాంకు మీద పెట్టిన గేట్‌వే దాన్ని అందుకుని సర్వరుకు చేరుస్తుంది.

పోయిన ఏప్రిల్‌లో ఇద్దరు తోటలవాళ్ల మధ్య తగాదా వచ్చి పాత లెక్కలు తీస్తే, ఒక బోరుకు పన్నెండు రోజుల రీడింగులు ఒకే అంకె దగ్గర నిలిచి ఉన్నాయి. ఆ రోజుల్లోనే ఒకరు తన ఫోన్‌లో తీసి దాచుకున్న స్క్రీన్‌షాట్లలో వేరే అంకెలున్నాయి. సర్వరు పాస్‌వర్డు చేతిలో ఉన్న మనిషి ఆ తోట యజమానికి బావమరిది. నేను ఎవరినీ దొంగ అనడం లేదు, కానీ ఆనాటి నుంచి లెక్క మీద నమ్మకం పోయింది, లెక్కతోపాటు కట్టుబాటు మీద కూడా.

ఇప్పుడు ఒక కంపెనీవారు వచ్చి ప్రతి సెన్సరునూ బ్లాక్‌చెయిన్ నోడ్‌గా, అంటే ఒకే లెక్కకు నకళ్లు దాచుకుని ఒకదాన్నొకటి సరిచూసుకునే కంప్యూటర్లలో ఒకటిగా, మారుస్తామని, ఆ తరువాత దేవుడు దిగివచ్చినా ఒక్క అంకె మార్చలేడని చెబుతున్నారు. అదనంగా అడుగుతున్నది సెన్సరు ధరలో దాదాపు సగం. ఇంత చిన్న పరికరంతో అది నిజంగా అవుతుందా, అయితే మా తగాదాకు అది మందేనా అన్నది తెలిసినవారు చెప్పగలరు.

పాలమూరు ఫర్మ్‌వేర్

బత్తాయితోట అన్నా, నాది ఇటువంటి చిన్న చిప్పులకు ప్రోగ్రాములు రాసే పనే కనుక ముందు సాధ్యాసాధ్యాల సంగతి చెబుతాను. మీ పరికరం బ్లాక్‌చెయిన్ నోడ్ కాలేదు. ఈ మాటలో నాకు సందేహం లేదు.

ఏటీమెగా328పీలో పని చేయడానికి ఉన్న మెమరీ 2 కిలోబైట్లు, ప్రోగ్రాము పెట్టుకునే చోటు 32 కిలోబైట్లు. బిట్‌కాయిన్ గొలుసు మొత్తం వందల గిగాబైట్లు ఉంటుంది కనుక దాన్ని పక్కన పెట్టి, ఒక్కో బ్లాకుకు తలకట్టులా ఉండే 80 బైట్ల హెడర్లను మాత్రమే దాచుకుందామన్నా, మీ చిప్పు మెమరీ అంతా వాటికే ఇచ్చేస్తే ఇరవై అయిదు పడతాయి. పది నిమిషాలకొక బ్లాకు లెక్కన అది నాలుగు గంటల చరిత్ర. అప్పటికి సెన్సరు చదవడానికి ఒక్క బైటు కూడా మిగలదు. ఇంటర్నెట్ ప్రమాణాలు రూపొందించేవారు 2014లో వెలువరించిన ఆర్‌ఎఫ్‌సీ 7228 అనే పత్రం, 10 కిలోబైట్ల మెమరీకి బాగా దిగువన ఉన్న పరికరాలను సున్నా తరగతిలో వేసి, ఇవి సొంతంగా ఇంటర్నెట్‌లో భద్రంగా మాట్లాడలేవు, వీటికి గేట్‌వే వంటి పెద్ద పరికరం తోడుండాలని చెప్పింది. మీ పెట్టె ఆ తరగతిదే.

అసలు ఇరుకు మెమరీలో కన్నా రేడియోలో ఎక్కువ. మన దేశంలో లోరాకు లైసెన్సు అక్కరలేని 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ పట్టీ ఉంది. దూరం ఎక్కువై వేగం బాగా తగ్గినప్పుడు లోరావాన్ పద్ధతిలో ఒక ప్యాకెట్‌లో మనం పెట్టగలిగేది 51 బైట్లే. బ్లాక్‌చెయిన్లలో వాడే దీర్ఘవృత్త వక్రాల డిజిటల్ సంతకం ఒక్కటే 64 బైట్లు. అంటే రీడింగు సంగతి తరువాత, సంతకమే ఒక ప్యాకెట్‌లో పట్టదు. ఇక నోడ్ అన్నాక ఇతరులు పంపే బ్లాకులను వింటూ ఉండాలి. మీ పరికరం రీడింగు పంపి, ఒక క్షణం చెవి పెట్టి, మళ్లీ నిద్రపోతుంది కాబట్టే బ్యాటరీ ఏళ్ల తరబడి వస్తోంది. రేడియోను ఎప్పుడూ వింటూ ఉండమంటే అది 10 మిల్లీ ఆంపియర్ల దాకా తీసుకుంటుంది; 2,600 మిల్లీ ఆంపియర్-అవర్ సెల్ పదకొండు రోజులకు ఖాళీ అవుతుంది. పదకొండు రోజులకొకసారి ఇరవై రెండు తోటలు తిరిగి బ్యాటరీలు మార్చే మనిషిని కూడా కంపెనీవారే ఇస్తారేమో అడగండి.

వాళ్లు నిజంగా చేయబోయేది గేట్‌వేను నోడ్‌గా పెట్టడం. అందులో తప్పు లేదు, కానీ అప్పుడు సెన్సరుకు ఒక్కొక్కదానికి అదనపు ధర ఎందుకో లెక్క చెప్పమనండి.

గొలుసుకట్టు చెరువు

పై మిత్రుడు చెప్పిన అంకెలతో నాకు పేచీ లేదు. కానీ బ్లాక్‌చెయిన్ అనగానే బిట్‌కాయిన్‌ను తీసుకొచ్చి నిలబెట్టి, అది రెండు కిలోబైట్లలో పట్టదని చెప్పడం ఎద్దులబండికి రైలింజను పట్టదని చెప్పడం వంటిది. ఆ మాట నిజమే, అడిగినది మాత్రం అది కాదు.

గణిత పజిళ్లు విప్పుతూ కరెంటు తగలబెట్టే పద్ధతి ఒక్కటే బ్లాక్‌చెయిన్ కాదు. ఎథీరియం అనే ఇంకో పెద్ద బ్లాక్‌చెయిన్ 2022 సెప్టెంబర్ 15న ఆ పద్ధతిని వదిలి, కరెంటు వాడకాన్ని 99 శాతానికి పైగా తగ్గించుకుంది. ఒకరికొకరు తెలిసిన పది మంది మాత్రమే సభ్యులుగా ఉండే గొలుసులకు అయితే ఆ తంతే అక్కరలేదు. ఊళ్లో అయిదు చోట్ల, అంటే పంచాయతీలోనూ, రైతు సంఘం దగ్గరా, తగాదా పడుతున్న ఇరుపక్షాల ఇళ్లలోనూ, ఇంకో తటస్థుడి ఇంట్లోనూ ఒక్కో చిన్న కంప్యూటరు పెట్టి, అయిదింటిలో నాలుగు ఒప్పుకుంటేనే లెక్క ఎక్కేలా చేయవచ్చు. అప్పుడు బావమరిది పాస్‌వర్డుకు విలువ ఉండదు. కంచే చేను మేసిన కథ విని కూడా మళ్లీ ఒకే కంచెను ఇంకాస్త గట్టిగా కడదామనడం నాకు అర్థం కావడం లేదు.

నా పేరు ఊరికే పెట్టుకున్నది కాదు. మన దగ్గర కాకతీయుల కాలం నాటి గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు అలుగు పారితే కింది చెరువుకు నీళ్లు వస్తాయి. పైన ఎవరైనా కట్ట తెంపితే ఆ సంగతి కింద ఉన్న ప్రతి ఊరికీ తెలుస్తుంది. బ్లాకుల గొలుసు కూడా అంతే. ప్రతి బ్లాకులోనూ వెనకటి బ్లాకు హ్యాష్, అంటే దాని వేలిముద్ర, ఉంటుంది. వెనక్కి పోయి ఒక అంకె మారిస్తే తరువాతి వేలిముద్రలేవీ సరిపోవు. మన రాష్ట్రంలోనే చిట్ ఫండ్ల పర్యవేక్షణకు టీ-చిట్స్ పేరుతో బ్లాక్‌చెయిన్ వ్యవస్థ వచ్చింది. చీటీపాటకు పనికివచ్చినది బోరు లెక్కకు ఎందుకు పనికిరాదు?

మూసీ ఒడ్డు

నీటి పరీక్షల పనిలో చాలా ఏళ్లు గడిపి రిటైరయినవాణ్ణి. కంప్యూటర్ల సంగతి మీకన్నా తక్కువ తెలుసు, బోరులో దించిన సెన్సరుకు మనిషి ఏం చేస్తాడో బాగా తెలుసు.

నీటి మట్టం సెన్సరు తన పైన ఎన్ని మీటర్ల నీరు నిలిచి ఉందో ఆ ఒత్తిడిని కొలుస్తుంది. చండూరు దగ్గర ఒక బోరులో మట్టం ఒక్క రాత్రిలో సరిగ్గా మూడు మీటర్లు పడిపోయినట్టు రీడింగు వచ్చింది. చుట్టుపక్కల ఏ బోరులోనూ ఆ మార్పు లేదు. పోయి చూస్తే కేసింగ్ పైపు మూత దగ్గర సెన్సరు కేబులును రెండు చుట్లు చుట్టి, నైలాన్ తాడుతో ముడి వేసి ఉంది. ఎవరో కేబులును మూడు మీటర్లు పైకి లాగారు, అంతే. తన బోరు ఎండిపోతోందని చూపిస్తే పక్కవాళ్ల మోటారు గంటలు తగ్గుతాయని ఆయన ఆశ. ఆ ముడి విప్పినప్పుడు తాడు ఇంకా కొత్తగానే ఉంది, దుమ్ము కూడా పట్టలేదు.

ఇప్పుడు ఆ రీడింగును మీ గొలుసులో ఎక్కించండి. అయిదు కంప్యూటర్లు ఒప్పుకుంటాయి, ఎందుకంటే అయిదింటికీ వచ్చిన అంకె ఒకటే. అబద్ధం శాశ్వతమవుతుంది. చీటీపాటలో పాడిన అంకె పుట్టేదే లెక్కలో కనుక దాన్ని లెక్కలో కాపాడితే చాలు. నీటి మట్టం పుట్టేది బోరులో, రెండు వందల అడుగుల కింద. టీ-చిట్స్ ఉదాహరణ ఇక్కడ అతకదు.

నీటి మీటరు సంగతి ఇంకా సులువు. మీటరుకు ముందు ఒక టీ జాయింటు వేసి గేట్ వాల్వ్ పెడితే సగం నీళ్లు మీటరు చూడకుండానే తోటకు పోతాయి. కరెంటు రాగానే మోటారును దానంతట అదే నడిపించే ఆటో స్టార్టర్లు తీసేయమని ఎన్నిసార్లు చెప్పినా స్టార్టరు డబ్బాలో మూల దాచిపెట్టుకున్న చేతులే ఇవి కూడా.

సందర్భం వచ్చింది కనుక ఇంకో మాట. ఇలాంటి కంపెనీల కరపత్రాల్లో ఫ్లోరైడ్ సెన్సరును కూడా బ్లాక్‌చెయిన్‌కు కలుపుతామని చూశాను. ఫ్లోరైడును ఎలక్ట్రోడుతో నమ్మకంగా కొలవాలంటే నమూనాలో బఫర్ ద్రావణం కలపాలి, ప్రామాణిక ద్రావణాలతో తరచూ సరిచూసుకోవాలి. బోరులో దించి వదిలేస్తే చాలదు. నల్గొండ టెక్నిక్ అని పటికా సున్నంతో ఫ్లోరైడు తీసే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిన నీళ్లు తాగి నడుములు వంగిన మనుషులను చూసినవాళ్లం, ఆ అంకె విషయంలో ఎవరు ఏది చెప్పినా నమ్మలేం.

పాలమూరు ఫర్మ్‌వేర్

మూసీ ఒడ్డు సార్ చెప్పిన మాటకు ఏ ప్రోగ్రాములోనూ జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. అయితే బత్తాయితోట అన్న ఏప్రిల్‌లో నష్టపోయింది కేబులు లాగడం వల్ల కాదు, సర్వరులో అంకె మార్చడం వల్ల. రెండు వేరు జబ్బులు. రెండో జబ్బుకు మందు ఉంది, దానికి బ్లాక్‌చెయిన్ అక్కరలేదు అన్నదే నా వాదన.

పరికరం పంపే ప్యాకెట్‌లో 4 బైట్ల రీడింగు, 4 బైట్ల వరుస సంఖ్య, రహస్య తాళంతో వేసిన 8 బైట్ల ముద్ర, మొత్తం 16 బైట్లు. అతి తక్కువ వేగంలో కూడా ఇది దాదాపు 1.6 సెకన్లలో పోతుంది. ప్రతి రీడింగుకూ పూర్తి సంతకం జోడిస్తే రెండు ప్యాకెట్లుగా చీల్చి పంపాలి, అయిదు సెకన్ల దాకా రేడియో వెలుగుతూ ఉండాలి. బ్యాటరీ మీద భారం మూడింతలు. ముద్రతో సరిపెట్టుకోవాలన్నది అందుకే.

గేట్‌వే దగ్గర పని ఇది. ఇరవై రెండు సెన్సర్లు, రోజుకు నలభై ఎనిమిది రీడింగులు, మొత్తం 1,056. వాటి హ్యాష్‌లను జతలు జతలుగా కలుపుతూ పోతే పదకొండు అంతస్తుల మీద ఒకే ఒక్క హ్యాష్ మిగులుతుంది. దీన్ని మెర్కిల్ చెట్టు అంటారు, పైన మిగిలినది దాని మూలం. ఆ మూలాన్ని రాస్తే అరవై నాలుగు అక్షరాలు. రేపు ఎవరైనా ఏప్రిల్ 9 మధ్యాహ్నం నా బోరు రీడింగు ఇది కాదు అంటే, 1,056 రీడింగులూ చూపించనక్కరలేదు; పదకొండు హ్యాష్‌లు, అంటే 352 బైట్లు చూపిస్తే ఆ రీడింగు ఆనాటి మూలంలో ఉందో లేదో తేలిపోతుంది.

ఆ అరవై నాలుగు అక్షరాలను ఎక్కడ పెట్టాలి? పంచాయతీ నోటీసు బోర్డు మీద పెట్టండి, ఇరవై రెండు మంది వాట్సాప్ గ్రూపులో పంపండి. నవ్వకండి. పత్రాలకు కాలముద్ర వేసి గొలుసుగా కట్టే ఆలోచనను హేబర్, స్టోర్నెట్టా అనే ఇద్దరు 1991లోనే ప్రచురించారు. వారి కంపెనీ 1995 నుంచి ప్రతి వారం ఆ మూలపు హ్యాష్‌ను న్యూయార్క్ టైమ్స్ పత్రికలో చిన్న ప్రకటనగా వేయించేది. అచ్చయి ఇంటింటికీ చేరిన పత్రికను ఎవరు వెనక్కి తెచ్చి దిద్దగలరు? బిట్‌కాయిన్ ఆ తరువాత పద్నాలుగేళ్లకు మొదలయింది. వెబ్‌సైట్ల ధ్రువపత్రాల విషయంలో మోసాలు పట్టడానికి 2013లో వచ్చిన చిట్టాలు కూడా ఇదే మెర్కిల్ చెట్టు మీద నడుస్తున్నాయి, వాటిలో బ్లాక్‌చెయిన్ లేదు.

గొలుసుకట్టు చెరువు

నోటీసు బోర్డు ఆలోచన నాకు నచ్చింది, కానీ దానికి ముందున్న మెట్టులో పెద్ద కన్నం ఉంది.

మీరు చెప్పిన 8 బైట్ల ముద్ర ఒకే రహస్య తాళంతో వేసేది. పరికరం ఏ తాళంతో ముద్ర వేస్తుందో, సరిచూసేవారి దగ్గర కూడా అదే తాళం ఉండాలి. అంటే గేట్‌వేను నడిపే మనిషి, మూలం నోటీసు బోర్డు మీదకు ఎక్కకముందే, తనకు ఇష్టమైన రీడింగుకు తనే ముద్ర వేసి సెన్సరు పంపిందని చూపించగలడు. బావమరిది సర్వరు దగ్గర నుంచి లేచి గేట్‌వే దగ్గర కూర్చుంటాడు, అంతకుమించి మారేది ఏమీ లేదు. సంతకానికీ ముద్రకూ తేడా ఇదే: సంతకాన్ని ఎవరైనా సరిచూడవచ్చు, వేయగలిగేది మాత్రం ఒక్కరే.

ఇంకొకటి. మీ చెట్టులోకి రీడింగును ఎక్కించకుండా వదిలేస్తే ఎవరు పట్టుకుంటారు? లోరాలో ప్యాకెట్లు పోవడం మామూలే కనుక, మోటారు రాత్రంతా నడిచిన రోజున ఏడు ప్యాకెట్లు అందలేదంటే నమ్మక చస్తామా? అయిదు గేట్‌వేలు అయిదుగురి దగ్గర ఉంటే, ఒకరు వదిలేసిన ప్యాకెట్ ఇంకొకరికి వినబడి ఉంటుంది. నేను మొదటి నుంచి చెబుతున్నది దీని కోసమే.

పాలమూరు ఫర్మ్‌వేర్

తాళం మాట నిజం, నేను తేలికగా తీసుకున్నాను. దిద్దుకుంటున్నాను.

ప్రతి రీడింగుకూ సంతకం బరువు అన్నాను గానీ, రోజుకొక సంతకం బరువు కాదు. పరికరం ఆ రోజు నలభై ఎనిమిది రీడింగులనూ తన మెమరీలో ఉంచుకుంటే 192 బైట్లు. ఉన్న 2 కిలోబైట్లలో అది పెద్ద భాగమేమీ కాదు. అర్ధరాత్రి వాటన్నిటి మీదా ఒకే సంతకం చేసి రెండు ప్యాకెట్లలో పంపుతుంది. మధ్యలో ఏ వరుస సంఖ్య అందకపోయినా గేట్‌వే అడిగి మళ్లీ పంపించుకోవచ్చు, ఎందుకంటే అది లేకుండా సంతకం సరిపోదు. ప్యాకెట్ పోయిందన్న సాకు ఆ రాత్రితో ముగుస్తుంది. సంతకం చేసే తాళాన్ని ఏటీమెగాలో ఉంచకూడదు. ఏటీఈసీసీ608 వంటి భద్రత చిప్పులు ఉన్నాయి, ఖరీదైనవి కావు. తాళం ఆ చిప్పు లోపలే పుడుతుంది, బయటకు రాదు, అమ్మిన కంపెనీకి కూడా తెలియదు. సంతకం పని ఏటీమెగా మీదనే వేస్తే కొన్ని సెకన్లు పడుతుంది, రోజుకొకసారే కనుక అదైనా ఓర్చుకోవచ్చు; తాళం దాచడానికే ఆ చిప్పు కావాలి.

అయిదు గేట్‌వేల మాటకు కూడా ఒప్పుకుంటాను. లోరాలో ఒకే ప్యాకెట్‌ను ఎన్ని గేట్‌వేలైనా వినగలవు కనుక ఇద్దరు ప్రత్యర్థుల ఇళ్ల మీద ఒక్కొక్కటి పెడితే మేలే. అయితే వాటి మధ్య ఏకాభిప్రాయ యంత్రాంగం, అంటే నాలుగు ఒప్పుకుంటేనే లెక్క ఎక్కే ఏర్పాటు, ఎందుకు? బిట్‌కాయిన్‌కు అది కావలసి వచ్చింది ఒకే నాణేన్ని ఇద్దరికి ఇవ్వకుండా ఆపడానికి, ఏది ముందో ఏది వెనకో తేల్చడానికి. మీ బోరు ఒకే నీటిని రెండుసార్లు ఖర్చు పెట్టలేదు. వరుస సంఖ్య సెన్సరే వేస్తుంది, సంతకం సెన్సరుదే. ముందువెనకల తగువే లేని చోట తీర్పరిని ఎందుకు కూర్చోబెట్టడం?

కందనూలు కోడలు

నాగర్‌కర్నూల్ వైపు మహిళా రైతుల సంఘంలో పల్లీ గోదాము చూసుకుంటాను. బ్లాక్‌చెయిన్ నిజంగా పెట్టించుకున్నవాళ్లం కనుక మా అనుభవం రాస్తున్నాను.

పల్లీలో తేమ ఉంటే బూజు పట్టి అఫ్లటాక్సిన్ అనే విషం వస్తుంది, అది వస్తే ఎగుమతి సరుకు వెనక్కి వస్తుంది. అందుకని గోదాములో తేమ, వేడి కొలిచే సెన్సర్లు పెట్టి, రీడింగులు బ్లాక్‌చెయిన్‌లోకి పోతాయని, కొనేవాడు ఎక్కడ నుంచైనా చూసుకోవచ్చని ఒక కంపెనీవారు చెప్పారు. మూడు నోడ్‌లు అన్నారు. ఆ మూడూ ఎవరి దగ్గర ఉన్నాయని మేము అడగలేదు. ప్రాజెక్టు డబ్బు అయిపోయిన తరువాత ఒక సోమవారం లింకు తెరుచుకోలేదు. అప్పుడు తెలిసింది, మూడు నోడ్‌లూ ఆ కంపెనీ అద్దెకు తీసుకున్న ఒకే ఖాతాలో ఉన్నాయని, అద్దె కట్టడం ఆపేశారని. ఎవరూ మార్చలేని లెక్క అన్నారు, నిజమే, ఎవరూ మార్చలేదు, మొత్తమే పోయింది. మా దగ్గర మిగిలినది గోదాము వాకిట్లో వేలాడదీసిన నోటు పుస్తకం. రోజుకు రెండుసార్లు తేమ మీటరు చూసి మా పిల్ల పెన్సిలుతో రాసిన అంకెలు అందులో ఉన్నాయి.

ఇది చిన్న కంపెనీలకే జరుగుతుందని అనుకోవద్దు. ఓడల సరుకు రవాణా కోసం ఐబీఎం, మేర్స్క్ కలిసి నడిపిన ట్రేడ్‌లెన్స్‌ను ఆపేస్తున్నట్టు 2022 నవంబరులో ప్రకటించారు.

గొలుసుకట్టు చెరువు అన్న చెప్పిన పద్ధతి, అంటే నోడ్‌లు నిజంగా అయిదుగురి ఇళ్లలో ఉండడం, మాకు జరిగినదానికన్నా వెయ్యిరెట్లు మేలు. కానీ ఆ అయిదు కంప్యూటర్లకు కరెంటు పోయినా, ఇంటర్నెట్ పోయినా, ఎలుక తీగ కొరికినా చూసేది ఎవరో ముందే తేల్చుకోండి. మా ఊళ్లో నలుగురు ఒప్పుకుంటేనే లెక్క ఎక్కుతుందంటే, వరినాట్ల నెలలో ఏ లెక్కా ఎక్కదు.

కోర్టు మెట్లు

నల్గొండలో వకాల్తు చేస్తాను. తగాదా రేపు కోర్టుకు వస్తే ఏది పనికివస్తుందో చెబుతాను.

2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం, 2023లో 63వ సెక్షను ఎలక్ట్రానిక్ రికార్డుల గురించినది. రికార్డుతోపాటు ధ్రువపత్రం ఇవ్వాలి. అందులో మొదటి భాగం పరికరం ఎవరి ఆధీనంలో ఉందో వారిది, రెండవ భాగం నిపుణుడిది. రెండు భాగాల్లోనూ రికార్డు హ్యాష్ విలువ, అది ఏ పద్ధతిలో తీసినదో నింపాలి. అంటే చట్టం అడిగేది హ్యాష్‌ను. బ్లాక్‌చెయిన్‌లో ఉన్నంత మాత్రాన ధ్రువపత్రం తప్పదు, లేనంత మాత్రాన రికార్డు చెల్లకపోదు. ఏప్రిల్ నెల గొడవలో ఆనాటి హ్యాష్ ఎక్కడైనా బయట రాసి ఉంటే పని చాలా తేలికయ్యేది. సాక్షి సంతకంతో పంచాయతీ రిజిస్టరులో రాసుకుంటే నోటీసు బోర్డు కన్నా ఇంకా మంచిది, కాగితం చిరిగిందన్న మాట రాదు.

ఒక హెచ్చరిక కూడా ఉంది. ఎవరి మోటారు ఎన్ని గంటలు నడిచిందన్నది ఆ రైతు వ్యక్తిగత సమాచారం. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023లో తన సమాచారాన్ని తొలగించమని అడిగే హక్కును మనిషికి రాశారు. ఎన్నటికీ తుడవలేని గొలుసులో రీడింగులనే నేరుగా ఎక్కిస్తే, కట్టుబాటు నుంచి తప్పుకున్న రైతుకు రేపు ఏం చెబుతారు? బయట పెట్టేది హ్యాష్ మాత్రమే అయి, రీడింగులు సంఘం దగ్గర ఉంటే ఆ చిక్కు చాలా వరకు తగ్గుతుంది.

గొలుసుకట్టు చెరువు

హ్యాష్ మాత్రమే బయట పెట్టాలన్నది నేను ముందే చెప్పి ఉండవలసింది, వకీలు గారికి కృతజ్ఞతలు. కందనూలు కోడలు అక్క చెప్పినదానికి కూడా తల వంచుతున్నాను. ఒకే చేతిలో ఉన్న మూడు నోడ్‌లను బ్లాక్‌చెయిన్ అని అమ్మడం మోసం.

అయినా ఒక విషయంలో నేను వెనక్కి తగ్గను. ఇరవై రెండు మంది ఒక ఊరివాళ్లు కనుక నోటీసు బోర్డు సరిపోతుంది. ఇదే లెక్క రెండు జిల్లాల మధ్య, రెండు రాష్ట్రాల మధ్య అయితే? కృష్ణా నీళ్లలో ఏ కాలువకు ఎంత వెళ్లిందన్న టెలిమెట్రీ, అంటే పరికరం తనంతట తానే కొలిచి దూరానికి పంపే, రీడింగు మీద రెండు రాష్ట్రాలకు ఒకరి అంకె ఒకరికి నచ్చదు, ఇద్దరికీ కలిపి ఒక ఊరి రచ్చబండ లేదు. నాగార్జునసాగర్ కుడి ఎడమ కాలువల దగ్గర పంచాయతీ రిజిస్టరు ఎవరి పంచాయతీది? అక్కడ ఇరుపక్షాలూ సమానంగా నడిపే గొలుసుకు అర్థం ఉంది.

మూసీ ఒడ్డు

అక్కడ కూడా కాలువలో కొలబద్ద ఎక్కడ పాతాలన్న దగ్గరే పేచీ మొదలవుతుంది, అంకె పుట్టిన తరువాత కాదు. సరే, అది వేరే చర్చ.

బత్తాయితోట గారికి నా సలహా చిన్నది. కేసింగ్ మూత మీద కేబులు బయటకు వచ్చే చోట సీసం సీలు వేయించండి, దాని నంబరు రాసుకోండి. నెలకొకసారి ఏ తోటకు చెందని ఇద్దరు మనుషులు టేపు దించి నీటి మట్టాన్ని చేత్తో కొలిచి, సెన్సరు అంకె పక్కన రాయాలి. తేడా అర మీటరు దాటితే మూత తెరవాలి. మీటరుకు ముందున్న పైపును మట్టి తీసి ఏడాదికొకసారి చూడండి. ఏ రోజు చూస్తారో ముందు చెప్పకండి.

బత్తాయితోట

అందరికీ నమస్కారాలు. నిన్న సాయంత్రం సంఘంలో దీన్నంతా చదివి వినిపించాను. కంపెనీవారిని మూడు ప్రశ్నలు అడిగాము: నోడ్‌లు ఎవరి ఇళ్లలో ఉంటాయి, సంతకపు తాళం ఎక్కడ పుడుతుంది, మీరు వెళ్లిపోతే మా రీడింగులు మా దగ్గర ఎలా ఉంటాయి. మొదటిదానికి క్లౌడ్ అన్నారు. రెండవదానికి తెలుసుకుని చెబుతామన్నారు. మూడవదానికి జవాబు ఇంకా రాలేదు.

ప్రస్తుతానికి బ్లాక్‌చెయిన్ వద్దనుకున్నాము. సీళ్లు వేయిస్తున్నాము, టేపు కొలతకు ఇద్దరు మనుషులను పెట్టుకున్నాము. రెండో గేట్‌వే అవతలి తోటవారి మేడ మీద పెట్టడానికి ఆయనే ముందుకు వచ్చారు. రోజు మూలం గ్రూపులో వస్తుంది, వారానికొకసారి పంచాయతీ రిజిస్టరులో రాస్తారు. అరవై నాలుగు అక్షరాలు చేత్తో రాయడానికి కార్యదర్శి గొణిగారు గానీ ప్రింటు తీసి అతికించి సంతకం చేయడానికి ఒప్పుకున్నారు. గొలుసుకట్టు చెరువు అన్న చెప్పిన కన్నం పూడ్చే సంతకపు చిప్పును ముందు రెండు బోర్లకు పెట్టి చూస్తాము.

పాలమూరు ఫర్మ్‌వేర్ తమ్మీ, ఒక్క సందేహం. వరుస సంఖ్య ఎప్పటికీ వెనక్కి పోకూడదు కదా. బ్యాటరీ మార్చినప్పుడు మా పెట్టెలు మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడుతున్నాయి. పోయిన నెల ఒకాయన కావాలనే బ్యాటరీ పీకి పెట్టాడేమోనని అనుమానం కూడా వచ్చింది. దీనికి ఏం చేయాలి?

పాలమూరు ఫర్మ్‌వేర్

అన్నా, వరుస సంఖ్యను ఏటీమెగా చిప్పులోనే ఉన్న ఈఈప్రామ్ అనే మెమరీలో రాయాలి, బ్యాటరీ తీసినా అది చెరగదు. అయితే ఒక్కో గడిలో లక్షసార్లు రాయడానికే తయారీదారు హామీ ఇస్తాడు. రోజుకు నలభై ఎనిమిది సార్లు ఒకే గడిలో రాస్తే ఆరేళ్లు నిండకముందే ఆ హామీ తీరిపోతుంది. పదహారు గడులను వంతులవారీగా వాడి, పెట్టె మేలుకున్నప్పుడు వాటిలో పెద్ద సంఖ్యను తీసుకుని దాని పైనుంచి మొదలుపెట్టమనండి. పదహారు గడులకు అయ్యేది 64 బైట్లు, ఉన్నది 1,024. మేలుకున్న ప్రతిసారీ, బ్యాటరీ తీసి పెట్టారన్న గుర్తు ఒకటి మొదటి ప్యాకెట్‌లో పోయేలా కూడా పెట్టించండి. ఆ గుర్తు ఏ బోరు నుంచి ఎన్నిసార్లు వచ్చిందో నెల తిరిగాక ఇక్కడే రాయండి, చూద్దాం.